మన ఊరి పాటను మన ఊరికే వినిపించడం ఎలా?

కోలారు, చిక్కబళ్లాపుర వైపు పల్లెల నుంచి వచ్చి బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మనది ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. మా చింతామణి తాలూకులో భజన చేసేవాళ్ల పాటల నోటుబుక్కు తెరిచి చూడండి. పాట తెలుగు, అక్షరాలు కన్నడ. మా వైపు యోగి కైవారం తాతయ్య పాడిన తత్వాలు కంఠతా వచ్చిన పెద్దవాళ్లలో చాలామందికి తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. మా వైపు తెలుగు చెవిలో బతుకుతోంది. పుస్తకం అచ్చువేస్తే చదివేవాళ్లు దొరకరు, పాట వినిపిస్తే ఊరంతా నిలబడి వింటుంది. అందుకే ఊరి కళల పని ఏదైనా ఇక్కడ ఆడియోతోనే మొదలుపెట్టాలని నా గట్టి నమ్మకం.

నాలుగేళ్లుగా మా ఊళ్లో నెలకొకసారి పదిహేను నిమిషాల కార్యక్రమం తయారుచేసి వినిపిస్తున్నాం. స్టూడియో లేదు. ఒక ఫోను, ఒక స్పీకరు, ఐదుగురు మనుషులు, అంతే. శనివారం పొద్దున్నే కె.ఆర్.పురంలో బస్సెక్కి హొసకోటె మీదుగా ఊరికి వెళ్తాను, ఆదివారం రాత్రికి తిరిగి వస్తాను. మేం నేర్చుకున్న వరసలోనే చెబుతాను, చేసిన పొరపాట్లతో సహా.

వినే చోటు ముందు, మైకు తర్వాత

అందరూ మొదట మైకు కొంటారు. మీరు మొదట వినే చోటు వెతకండి. ఎక్కడ వినిపిస్తారో తెలిస్తే ఎంత నిడివి ఉండాలి, ఎంత గట్టిగా ఉండాలి, ఏ వేళకు ఉండాలి అన్నవన్నీ వాటంతటవే తేలిపోతాయి.

మా ఊళ్లో ఆ చోటు పాల డెయిరీ. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి క్యాన్లు పట్టుకుని అందరూ అక్కడికి రావాల్సిందే. పాలు కొలిచి, ఫ్యాట్ చూసి, రసీదు చేతికి వచ్చేదాకా పది పదిహేను నిమిషాలు నిలబడతారు. చేతులు ఖాళీగా ఉంటాయి, చెవులు కూడా. పొద్దున పూట పిల్లల్ని బడికి పంపే హడావిడి ఉంటుంది కాబట్టి సాయంత్రం వరస మంచిది. స్పీకరును డెయిరీ కిటికీ అరుగు మీద పెట్టండి. గోడకు ఆనించకండి, ఆనిస్తే మాట బొంగురుగా వస్తుంది.

గుడి మైకు ఇంకా సులువుగా దొరుకుతుంది, గట్టిగా కూడా వినిపిస్తుంది. అయినా నేను వద్దనే అంటాను. గుడి ముందుకి అందరూ ఒకేలా వచ్చి నిలబడలేని ఊళ్లు ఇంకా ఉన్నాయి. డెయిరీలో ఎవరి పాలైనా ఒకే వరసలో పోస్తారు. తమటె, అంటే తోలు డప్పు, వాయించే వీధివాళ్లు, భజన చేసే వీధివాళ్లు పక్కపక్కన నిలబడి వినే చోటు మీ ఊళ్లో ఏదో చూసుకోండి. స్త్రీశక్తి సంఘం మీటింగు కావచ్చు, అంగన్‌వాడీ కావచ్చు, రచ్చకట్ట కావచ్చు.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. మన కోలారు జిల్లాలోనే, బంగారుపేట తాలూకు బూదికోటెలో, 2000 తర్వాతి తొలి ఏళ్లలో ‘నమ్మ ధ్వని’ అని ఊరివాళ్లే నడిపిన ఆడియో కేంద్రం ఉండేది. అప్పట్లో ఊళ్లకు రేడియో లైసెన్సు ఇచ్చేవాళ్లు కాదు. వాళ్లు కేబుల్ టీవీ తీగలోనే ధ్వనిని ఇళ్లకు పంపారు. లైసెన్సు లేదని పని ఆపలేదు. తెలంగాణలో జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ వైపు దళిత మహిళలు కూడా అంతే. పర్మిషన్ రాకముందు ఏళ్ల తరబడి రికార్డు చేసుకుని సంఘం మీటింగుల్లో వినిపించుకున్నారు. 2008లో అదే ‘సంఘం రేడియో’గా గాలిలోకి వచ్చింది. అప్పటి నుంచి స్టేషన్ నడిపిన జనరల్ నర్సమ్మ లాంటివాళ్లు ఏ స్టూడియో కాలేజీలోనూ చదువుకుని రాలేదు.

జట్టు ఎలా ఉండాలి

ఐదుగురు చాలు. నలుగురు ఊళ్లోనే ఉండేవాళ్లు కావాలి. అందులో ఇద్దరు ఆడవాళ్లు తప్పకుండా ఉండాలి, లేకపోతే ఇంట్లో పాడే పాటలు మీ దాకా రానే రావు. మగపిల్లవాడు ఫోను పట్టుకుని వంటింటి గడప దగ్గర నిలబడితే ఏ అవ్వా గొంతు విప్పదు. తమటె వీధి నుంచి ఒకరు ఉండాలి. పీయూసీ (ఇంటర్) చదివే పిల్లో పిల్లవాడో ఒకరుంటే ఎడిటింగ్ నాలుగు రోజుల్లో పట్టేస్తారు. బెంగళూరు నుంచి వెళ్లే మీరు చివరి మనిషి. ఏం వినిపించాలో తేల్చేది ఊళ్లో ఉన్న నలుగురు. నాకు నచ్చి వాళ్లకు నచ్చని పాటలు చాలానే పక్కకు వెళ్లాయి. వాళ్లు చెప్పిందే సరి అని వినిపించిన రోజున అర్థమైంది.

పని క్యాలెండర్ పంటను బట్టి వేసుకోండి. రాగి కోతలు, నూర్పిళ్లు అయిపోయాక, అంటే జనవరి నుంచి ఉగాది దాకా, నాటకాల ప్రాక్టీసులు, జాతరలు, శివరాత్రి భజనలు వరసగా వస్తాయి. ఫాల్గుణ పౌర్ణమికి కైవారం తాతయ్య జయంతి. ఆ మూడు నాలుగు నెలల్లో ఏడాదికి సరిపడా రికార్డు చేసుకోవచ్చు. విత్తనాల రోజుల్లో ఎవరినీ కదిలించకండి.

సామాను

సాదర్ పత్రప్ప రోడ్డు, అంటే మన ఎస్పీ రోడ్డు, ఒక శనివారం తిరిగితే అన్నీ దొరుకుతాయి. చొక్కాకు తగిలించే వైరు మైకు ఒకటి, దానికి గాలి శబ్దం ఆపే స్పాంజి తొడుగు, చెవిని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్స్, చిన్న స్టాండు, ఒక పవర్ బ్యాంకు. వైర్‌లెస్ మైకులకు తొందరపడకండి, సరిగ్గా పాట మధ్యలో చార్జి అయిపోతుంది. డబ్బు మిగిలితే మంచి స్పీకరు మీద పెట్టండి.

ఫోనులో ధ్వని లెవెల్ కనిపించే రికార్డింగ్ యాప్ ఒకటి వేసుకోండి. వేవ్ ఫార్మాట్‌లో రికార్డు చేయండి. సింగిల్ చానల్ అయితే నిమిషానికి సుమారు 5 ఎంబీ, గంటకు 320 ఎంబీ దాకా పడుతుంది. వెళ్లేముందు ఫోను ఖాళీ చేసుకోండి. తర్వాత చిన్న ఫైలు చేసుకోవచ్చు గానీ, మొదటి రికార్డింగే చిన్నదిగా చేస్తే పోయిన ధ్వని తిరిగి రాదు.

ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టారో లేదో ఇద్దరు చూడండి. మొదటి ఏడాది ఒక రాత్రి చెక్కభజన మంచి ఊపులో ఉండగా నా ఫోనుకి కాల్ వచ్చింది, రికార్డింగ్ అక్కడితో ఆగిపోయింది. నేను చూసుకోలేదు. ఆ రాత్రి భజన గురువు పాడిన పాట ఒకటి మళ్లీ ఆయన నోటి నుంచి వినే అవకాశం నాకు రాలేదు. తర్వాతి జాతరకు ఆయన లేరు.

ఏం రికార్డు చేయాలి

కళ అనగానే స్టేజీ గుర్తొస్తుంది. కోలాటం, చెక్కభజన, హరికథ, కేళికె అనే జానపద నాటకం, పౌరాణిక నాటకం ఇవన్నీ ఉండాల్సిందే. కానీ నాటకం ఆడే రాత్రి కంటే ప్రాక్టీసు రాత్రులు ఆడియోకు మంచివి. స్టేజీ మీద మైకులు, జనరేటరు, కుర్రాళ్ల ఈలలు అన్నీ కలిసిపోతాయి. ప్రాక్టీసులో హార్మోనియం మేష్టరు ఒక పద్యం ఆపి, ‘అట్ల కాదప్పా, దుర్యోధనుడు ఏడ్చినట్ల అంటే ఎట్ల?’ అని మళ్లీ ఎత్తిస్తారు చూడండి, కళ ఒకరి నుంచి ఒకరికి ఎలా వెళ్తుందో అక్కడ వినిపిస్తుంది. అది రికార్డు చేయండి.

ఇంట్లో పాటలు వేరే సంపద. ఉయ్యాల పాటలు, పెళ్లిలో వియ్యంకులను ఆటపట్టించే పాటలు, విసుర్రాయి పాటలు. ఇప్పుడు రాగి మరకే వెళ్తుంది కాబట్టి విసుర్రాయి పాట ఎవరూ పాడరు. ఉత్తినే పాడమంటే గుర్తు రాదు కూడా. మా జట్టులోని అక్క ఒక ఉపాయం చేసింది. మూలన పడి ఉన్న విసుర్రాయి కడిగి, గుప్పెడు రాగులు పోసి, అవ్వ చేతికి పిడి ఇచ్చింది. రెండు చుట్లు తిప్పేసరికి పాట దానంతటదే వచ్చింది. చేయి ఆగితే పాట ఆగేది, చేయి కదిలితే పాట కదిలేది. పనితో పుట్టిన పాటకు పని కావాలి. నాట్లేసేటప్పటి పాట కావాలంటే మడి దగ్గరికే వెళ్లండి.

ధ్వనులు కూడా పట్టుకోండి. మీది పట్టు పురుగుల ఊరైతే, నాలుగో జ్వరం (పొర విడిచే నిద్ర) లేచిన పురుగులకు ఆకు వేశాక ఇంట్లో లైటు ఆర్పి నిలబడండి. వేల పురుగులు ఒక్కసారిగా ఆకు తింటుంటే రేకుల మీద సన్న వాన పడుతున్నట్టు ఉంటుంది. మా మొదటి కార్యక్రమం ఆ ధ్వనితోనే మొదలైంది. డెయిరీ వరసలో ఉన్నవాళ్లు ఆకాశం వైపు చూసి, తర్వాత గుర్తుపట్టి నవ్వుకున్నారు. పురుగుల ఇంట్లోకి వెళ్లేటప్పుడు కాళ్లు చేతులు కడుక్కోండి, సెంటు పూసుకుని వెళ్లకండి. పంట పోతే ఆ ఇంటికి నెల కష్టం పోయినట్టే.

రికార్డింగ్ రోజు

ముందు రోజే లైన్‌మ్యాన్‌ను అడిగి త్రీ ఫేజ్ కరెంటు ఎప్పుడొస్తుందో తెలుసుకోండి. ఆ వేళకు ఊళ్లోని బోరు మోటార్లన్నీ ఒక్కసారి ఎత్తుకుంటాయి. మనకు అలవాటైపోయి చెవికి తెలియదు గానీ, మైకు మొత్తం పట్టేస్తుంది. రేకుల ఇంట్లో గొంతు గణగణ మోగుతుంది. పాట ఒక్క గొంతుదే అయితే గడ్డివామి పక్కన కూర్చోబెట్టండి. గడ్డి ప్రతిధ్వనిని మింగేస్తుంది, వామి చాటున గాలి కూడా తగలదు. అంత మంచి స్టూడియో నాకు ఇంకెక్కడా దొరకలేదు.

తమటె రికార్డు చేయడం మాత్రం జాగ్రత్తగా నేర్చుకోవాల్సిన పని. వాయించే ముందు ఎండుగడ్డి మంట వేసి తోలు కాస్తారు. చల్లగాలికి తోలు మెత్తబడితే దెబ్బ చప్పగా పడుతుంది, కాచాక బిగుస్తుంది. వేలితో తట్టి చూసి, మళ్లీ కాచి, మళ్లీ తట్టి, ఒకచోట ‘ఆ’ అంటారు. ఆ తట్టడం, గడ్డి చిటపట, మధ్యలో వాళ్ల మాటలు అన్నీ రికార్డు చేయండి. ఒక చేతిలో పొట్టి లావు పుల్ల, ఇంకో చేతిలో సన్న పొడుగు పుల్ల ఉంటాయి. రెండు దెబ్బలూ విడివిడిగా వినిపించాలంటే ఫోనును ముందు ఎదురుగా పెట్టకండి. పది పన్నెండు అడుగుల దూరంలో, కొంచెం పక్కగా, నడుము ఎత్తులో పెట్టండి. ముందు ఒక నిమిషం వాళ్లను గట్టిగా వాయించమని అడిగి, లెవెల్ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడేలా చూసుకోండి. యాప్‌లో ఆటోమేటిక్ గెయిన్ ఉంటే తీసేయండి. అది ఉంటే దెబ్బ పడినప్పుడు ధ్వనిని తొక్కేసి, ఆగినప్పుడు పైకి లేపుతుంది. లయ అంతా పాడైపోతుంది.

వాళ్లను మీ వీధికి పిలిపించకండి, మీరే వాళ్ల వీధికి వెళ్లండి. చావుకి పిలిచి దూరంగా నిలబెట్టి వాయించమన్న రోజులు మా పెద్దవాళ్లు చూశారు, మేమూ కొంత చూశాం. వాళ్లతో సమంగా కూర్చుని, వాళ్ల ఇంట్లో టీ తాగి, కళాకారులుగా మాట్లాడించాలి. మన చిక్కబళ్లాపుర జిల్లా పిండిపాపనహళ్లి మునివెంకటప్ప గారికి తమటె వాయించినందుకే 2023లో పద్మశ్రీ వచ్చింది. ఆ మాట రికార్డింగ్ రోజున మా ఊరి కళాకారుడి ముందు అన్నాను. ఆయన మనవడు వెంటనే ఫోనులో ఫోటో వెతికి తాతకు చూపించాడు. తాత చాలాసేపు చూసి, పుల్లలు చేతిలోకి తీసుకున్నాడు. ఆ సాయంత్రం వాయించినట్టు ఆయన మళ్లీ ఎప్పుడూ వాయించలేదు.

మాట్లాడించేటప్పుడు ‘మీ కళ ప్రాముఖ్యం చెప్పండి’ అని అడగొద్దు. అందరూ ఒకే జవాబు ఇస్తారు. ఎవరు నేర్పారు, మొదటిసారి తప్పు వాయిస్తే ఏం చేశారు, జాతర రోజు ఏం వండేవాళ్లు, రాత్రి ఎక్కడ పడుకునేవాళ్లు, ఇలాంటివి అడగండి. జవాబు అయిపోయాక వెంటనే ఇంకో ప్రశ్న వేయకండి. కాసేపు ఊరుకుంటే అసలు మాట అప్పుడు వస్తుంది. లేచి వచ్చేముందు అందరినీ ఒక్క నిమిషం మౌనంగా ఉండమని అడిగి ఆ చోటి నిశ్శబ్దం కూడా రికార్డు చేసుకోండి. ఎడిటింగ్‌లో అతుకులు కనిపించకుండా ఉండటానికి అది కావాలి.

అడగకుండా ఏదీ బయటకు పంపవద్దు

ఇది అన్నిటికంటే ముఖ్యం, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. రెండో ఏడాది మా వీధి అవ్వ ఒకామె, చనిపోయిన తన చెల్లెలిని తలుచుకుని ఒక ఏడుపు పాట పాడింది. రికార్డు చేయనా అంటే చేసుకో అంది. నా గుండె కదిలిపోయింది. బెంగళూరులో మా తెలుగు స్నేహితుల గ్రూపులో పెట్టాను. అక్కడి నుంచి ఇంకో గ్రూపుకి, ఇంకో గ్రూపుకి వెళ్లి, చివరికి అవ్వ అల్లుడి ఫోనుకే చేరింది. తర్వాత శనివారం ఊరికి వెళ్తే అవ్వ అరుగు మీద కూర్చుని ఉంది. ‘నా ఏడుపును ఊరూరా తిప్పితివా నాయనా?’ అంది. కోపం కూడా లేదు ఆ గొంతులో. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. అందరినీ తీసేయమని అడిగాను, కొందరు తీశారు. ఫోన్ల నుంచి అన్నీ వెనక్కి రావు.

అప్పటి నుంచి మూడు వేర్వేరు ప్రశ్నలు అడుగుతున్నాం. రికార్డు చేయవచ్చా? ఊళ్లో వినిపించవచ్చా? ఊరు దాటించవచ్చా? మొదటిదానికి అవునన్నారంటే మిగతా రెండిటికీ అవునన్నట్టు కాదు. పాడకముందు ఒకసారి, పాడింది వాళ్లకే వినిపించాక ఇంకోసారి అడగాలి. రెండోసారి అడిగినప్పుడు వచ్చే జవాబే లెక్క. ఆ జవాబు కూడా వాళ్ల గొంతుతోనే రికార్డు చేసి పెట్టుకోండి. సంతకం పెట్టించే కాగితం కంటే అది వాళ్లకు అర్థమవుతుంది, భయం ఉండదు. మనసు మారితే ఎప్పుడైనా తీసేస్తామని చెప్పండి, చెప్పినట్టే చేయండి.

చట్టం కూడా కళాకారుడి పక్షానే ఉంది. పాట తరతరాలదే అయినా, ఆ రోజు దాన్ని పాడిన మనిషికి ఆ ప్రదర్శన మీద హక్కు ఉంటుంది. 1957 కాపీరైటు చట్టంలోనే ప్రదర్శనకారుల హక్కు అని ఉంది, అది 50 ఏళ్లు ఉంటుంది. సినిమా పాట బాణీలో కట్టిన భజనలు ఆన్‌లైన్‌లో పెట్టకండి, గొడవలు వస్తాయి.

డబ్బు సంగతి దాచకుండా మాట్లాడాలి. రికార్డింగ్‌కి కూర్చున్న పూట వాళ్లకు కూలి పోతుంది. మేం ఐదుగురం నెలకింత అని వేసుకుని, కనీసం ఆ ఊళ్లో ఒక రోజు కూలి ఎంతో అంత, చేతికి ఇచ్చాకే మైకు తీస్తాం. శాలువా కప్పి పంపేయడం నాకు మనసొప్పదు. ఇంకో సాయం కూడా చేయవచ్చు. వయసైన కళాకారులకు కర్ణాటక కన్నడ సంస్కృతి ఇలాఖా నెలనెలా మాసాశనం ఇస్తుంది. దానికి అర్జీ పెట్టేటప్పుడు ఎన్నేళ్లుగా ఈ కళలో ఉన్నామో చూపించాలి, మనవాళ్ల దగ్గర ఒక్క కాగితం ఉండదు. తేదీ, ఊరు, పేరు రాసిన ఫోటోలు, రికార్డింగులు ఒక కవరులో పెట్టి ఇవ్వండి. అర్జీ కన్నడలో రాసి పెట్టడం మనకు అరగంట పని.

కార్యక్రమం కూర్చడం

కంప్యూటర్‌లో అయితే ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. మా కార్యక్రమం ఇలా నడుస్తుంది. ముందు అరనిమిషం ఊరి ధ్వని, మాట లేకుండా. తర్వాత పిల్లల గొంతుతో పలకరింపు. ఒక పాట పూర్తిగా. పాట పాడినవాళ్ల మాటలు మూడు నాలుగు నిమిషాలు. ఊరికి పనికొచ్చే సమాచారం రెండు నిమిషాలు: పశువుల టీకాల క్యాంపు, రేషన్, శిడ్లఘట్ట మార్కెట్లో పట్టు గూళ్ల ధర. చివర ఇంకో పాట. పదిహేను నిమిషాలు దాటితే వరస కదిలిపోతుంది, విన్నవాళ్లు సగంలో వెళ్లిపోతారు.

పాటను మధ్యలో కోయకండి. నిడివి ఎక్కువైతే ఒకే పాట పెట్టండి. దగ్గు, పక్కింటి పిల్లవాడి ఏడుపు, కోడి కూత వీటిని తీసేయాలని తంటాలు పడకండి. మీ గొంతును మాత్రం నిర్దాక్షిణ్యంగా తగ్గించేయండి. వ్యాఖ్యానం మా వైపు తెలుగులోనే ఉండాలి, ‘ఏమబ్బా, బాగుండారా’ అన్నట్టు. టీవీ యాంకర్ల తెలుగు తెచ్చిపెట్టుకుంటే డెయిరీలో ఒక్కరూ తలెత్తి చూడరు. కన్నడ మాటలు కలిస్తే కలవనీయండి, మనం మాట్లాడేదే అట్లా.

పూర్తయ్యాక 64 కేబీపీఎస్ మోనో ఎంపీత్రీ చేస్తే పదిహేను నిమిషాలు సుమారు 7 ఎంబీ వస్తుంది. వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి.

వినిపించే రోజు

రెండు రోజుల ముందు డెయిరీ బోర్డు మీద కన్నడ అక్షరాల్లో రాయించండి. పాడినవాళ్ల ఇంటికి వెళ్లి విడిగా చెప్పండి, వాళ్లు ముందు వరసలో ఉండాలి. లౌడ్‌స్పీకర్ పెద్దదైతే ముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి, రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా అసలు వాడకూడదు. చిన్న బ్లూటూత్ స్పీకరు అయినా పంచాయతీలో ఒక మాట చెప్పి పెట్టడం మర్యాద.

వినేటప్పుడు మీరు స్పీకరు పక్కన నిలబడకండి, జనం మధ్యలో నిలబడండి. ఎక్కడ మాటలు ఆగాయి, ఎక్కడ క్యాన్లు సర్దుకోవడం మొదలైంది, ఎవరు పెదవి కదిపి వెంట పాడారు, ఇవన్నీ గమనించి రాసుకోండి. వెంట పాడినవాళ్లే మీ తర్వాతి కళాకారులు. ఒకసారి కోలాటం పాట వినిపిస్తుంటే వెనక నుంచి ఒకామె, ‘రెండో చరణం తప్పు, మా పుట్టింట్లో వేరేగా పాడతారు’ అంది. వచ్చే నెల ఆమె పాటే వచ్చింది, ఆ తర్వాత నెల ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టాం. అరగంట వాదించుకుని, కలిసి పాడారు.

బెంగళూరులో వినిపించే కోరిక మీకు ఉంటుంది, నాకూ ఉంది. ఊళ్లో వినిపించాక, మూడో ప్రశ్నకు అవునన్న పాటలతో చేయండి. వయ్యాలికావల్‌లోని తెలుగు విజ్ఞాన సమితి లాంటి చోట్ల తెలుగువాళ్లు చేరుతూనే ఉంటారు. కానీ వీలైతే రికార్డింగ్ బదులు కళాకారులనే బస్సు చార్జీలు, పారితోషికం ఇచ్చి తీసుకురండి.

నిజంగా రేడియో స్టేషనే పెట్టాలనుకుంటే

పెట్టవచ్చు. కానీ రెండు మూడేళ్లు ఇలా నడిపాకే ఆలోచించండి. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. 2002లో విద్యాసంస్థలకు తలుపు తెరిచారు, 2004లో చెన్నైలో అన్నా యూనివర్సిటీ స్టేషన్ మొదలైంది. 2006 నుంచి స్వచ్ఛంద సంస్థలు కూడా అర్జీ పెట్టుకోవచ్చు. విడి మనుషులకు, పార్టీలకు, లాభం కోసం నడిచే కంపెనీలకు ఇవ్వరు. రిజిస్టరైన సొసైటీ లేదా ట్రస్టు ఉండాలి, దానికి కనీసం మూడేళ్లు నిండి ఉండాలి, ఊళ్లో చేసిన పని చూపించాలి. మనం నెలనెలా దాచుకున్న రికార్డింగులు, జనం విన్న ఫోటోలు అక్కడ పనికొస్తాయి. కాబట్టి ఈరోజే సంఘంగా రిజిస్టర్ చేసుకుంటే మూడేళ్ల లెక్క ఈరోజే మొదలవుతుంది.

అర్జీ కేంద్ర సమాచార ప్రసార శాఖ వారి బ్రాడ్‌కాస్ట్ సేవా పోర్టల్‌లో పెట్టాలి. యాంటెన్నా నుంచి బయటకు వెళ్లే తరంగాల బలం మామూలుగా 100 వాట్లు, యాంటెన్నా ఎత్తు 30 మీటర్లు మించకూడదు. నేల చదునుగా ఉంటే పది పదిహేను కిలోమీటర్లు వినిపిస్తుంది, మన వైపు గుట్టలు అడ్డం వస్తే అంత రాదు. కార్యక్రమాల్లో సగమైనా స్థానికంగా తయారైనవే ఉండాలి. సొంతంగా వార్తలు చెప్పకూడదు, ఆకాశవాణి వార్తలు మార్చకుండా వేయవచ్చు. వాతావరణం, మార్కెట్ ధరలు, పరీక్షల సమాచారం లాంటివి చెప్పుకోవచ్చు. పర్మిషన్ రావడం కంటే రోజూ స్టేషన్ నడపడమే కష్టం: కరెంటు, జీతాలు, పాడైన మిషన్లు. ఆకాశవాణి అనే పేరు పుట్టింది మన మైసూరులో. 1935లో గోపాలస్వామి అనే కాలేజీ ప్రొఫెసర్ తన ఇంట్లోనే చిన్న ట్రాన్స్‌మిటర్‌తో మొదలుపెట్టిన స్టేషన్ పేరు అది. కాబట్టి చిన్నగా మొదలుపెట్టడానికి మనం సిగ్గుపడనక్కర్లేదు.

దాచిపెట్టడం

ప్రతి ఫైలుకు పేరు ఇలా పెట్టండి: తేదీ, ఊరు, పాడినవాళ్ల పేరు, పాట మొదటి పాదం. దాంతోపాటు ఒక నోటుబుక్కులో నేర్పింది ఎవరు, ఏ సందర్భంలో పాడతారు, మూడు ప్రశ్నలకు ఏం జవాబిచ్చారు అన్నవి కన్నడ అక్షరాల్లో రాయించండి, ఊళ్లోవాళ్లు చదువుకోగలగాలి కదా. కాపీలు మూడు ఉండాలి. ఒకటి మీ హార్డ్ డిస్కులో, ఒకటి పాడినవాళ్ల ఇంట్లో మెమరీ కార్డులో, ఒకటి ఊరి పెన్ డ్రైవ్‌లో. ఊరి కాపీ మా డెయిరీ సెక్రెటరీ టేబుల్ సొరుగులో, రసీదు పుస్తకాల పక్కన ఉంటుంది. సొరుగు తాళంచెవి ఆయన దగ్గర ఒకటి, విసుర్రాయి పాట పాడిన అవ్వ కొంగుముడిలో ఒకటి.